మట్టిమిద్దెయు మంచుకొండయు

మిట్టేమరి పేరులోనే మిట్ట యున్నది గాని హిమపాత మెరుగని సీమ యిది. బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మాఘమాసపు వేకువను పైరుపై నిలిచిన తేమనే మనము మంచందుము. అయినను మంచుకొండలపై ఇల్లు కట్టదలచువారికి మన పూర్వుల మట్టిమిద్దె చెప్పగల మాట యొకటి కలదు. అది కప్పును గూర్చినది.

మిద్దె కట్టుబడి పెద్దల కెరుకయే. దళసరి రాతిగోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపైన కట్టెపుల్లలు, ఆకు పరచి, మన్ను మెత్తి, కట్టకడపట చవుడు పోయుదురు. ఈ చవుడే మిద్దెకు ప్రాణము. ఉప్పుపాలు గల ఆ మన్ను తడిసినపుడు రేణువులు విడివడి సందులను పూడ్చును. నీరు లోనికి దిగక దోనెగుండ జారిపోవును. వానలకు ముందు కొత్త చవుడు పోయని గృహస్థు శ్రావణమాసమున ఇంటినిండ గిన్నెలు పరచుకొనవలసినదే!

ఇట్టి కట్టడమే రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున, లదాఖులో కనబడును. లేహ్ పట్టణము సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. అచటను కప్పు చదునే. దూలములు పాప్లర్ మ్రానివి, పైపుల్లలు విల్లో చెట్టువి, ఆపైన బంకమన్ను. చలిదేశమున చదును కప్పేల? అది ఎండుదేశము గనుక. లేహ్‌లో ఏడాదికి కురియునది సుమారు 100 మిల్లీమీటర్లే. పడిన పొడిమంచును పార తీసికొని త్రోసివేయుదురు. 2010 ఆగస్టులో కుంభవృష్టి కురిసి వరద వచ్చినపుడు అచటి మట్టియిండ్లు పెక్కు కూలినవి. చదును కప్పునకు శత్రువు చలి గాదు, నీరు.

హిమాచలప్రదేశపు కొండలలో తీరు మారును. కొత్తగా పడిన మంచు ఘనమీటరుకు 100 కిలోలు తూగిన, అణగిన మంచు 300 కిలోల వరకు తూగును. నూరు చదరపు మీటర్ల కప్పుపై అది మీటరు మందమున నిలిచిన ముప్పది టన్నులు! కావున అచట పలకరాతి కప్పులను వాలుగా దింపిరి. కాఠ్‌కుణీ యను పద్ధతిలో రాతివరుసకు కొయ్యవరుస పేర్చి గోడ లేపిరి. భూమి కదలినను కొయ్య పట్టు విడువదు. పశువులు క్రింది యంతస్తున, మనుష్యులు పైన. పసుల వెచ్చదనము వృథా పోదు.

మన చేరువనున్న కొండయిండ్ల కథ వేరు. 1834 మొదలు 1861 వరకు మైసూరు కమిషనరుగా నుండిన మార్క్ కబ్బన్ 4,851 అడుగుల నందిదుర్గముపై బంగళా కట్టించుకొనెను. 1927లోను 1936లోను గాంధీజీ ఆ కొండపై విశ్రమించిరి. కడప కలెక్టరు హార్స్‌లీ మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండపై ఇల్లు కట్టించగా ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. ఇవి చలిని వెదకి వెళ్లినవారి విడుదులు. చలినుండి దాగవలసినవారి ఇండ్లు గావు.

నేడు మన బిడ్డలు కొందరు మంచు కురియు దేశములలో స్థిరపడి ఇండ్లు కట్టించుకొనుచున్నారు. అచట వాలు కప్పొకటే చాలదు. లోవేడి సోకి పైమంచు కరగి, చూరువద్ద మరల గడ్డకట్టును. దాని వెనుక నిలిచిన నీరు ఇంటిలోనికి కారును. వేడి కప్పును చేరకుండ నడుమ దళసరి పొర యుండవలెను. వారికిది అచటి పనివారు చెప్పగలరు. ఇచట మిద్దెలను పడగొట్టి సిమెంటు కప్పులు వేయు మనకు చవుడు సంగతి చెప్పువారు తరుగుచున్నారు. ఏ చెరువు వెనుక దానిని త్రవ్వెడివారో, ఏ మన్ను మేలో చూపగల వృద్ధులు మన పల్లెలలో ఇంకను కొందరున్నారు.