మౌనము దాల్చిన జన్యువు

పెట్యూనియా యను పూలమొక్కను చదువరులలో పెక్కండ్రు తమ పెరటి తొట్లలో చూచియే యుందురు. దాని పూవుల యూదారంగునకు కారణమైన జన్యువునకు మఱియొక ప్రతిని మొక్కలో చేర్చినచో రంగు చిక్కబడవలెను గదా యని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కారొలిన్ నాపోలి, రిచర్డ్ జోర్గెన్సెన్ మొదలగువారు తలంచిరి. మొక్కలు పూచినవి. క్రొత్త జన్యువును గ్రహించిన మొక్కలలో నూటికి 42 తెల్లని పూవులనో, ఊదాయును తెలుపును కలసిన పూవులనో పూచెను. చేర్చిన జన్యువు తాను పనిచేయకుండుటయే గాక, మొక్కలో పుట్టుకతో నున్న జన్యువును గూడ మూగను చేసినది. ఈ సంగతిని వారు 1990లో ప్రకటించిరి. ఆ యేటనే హాలండు దేశమునను ఇట్టి ఫలితమే వెలువడెను.

కోరినది రంగు, వచ్చినది తెలుపు. ఇట్టిచో ప్రయోగము చెడినదని తలంచి మొక్కలను పెఱికివేయుట ఎవరికైనను సులభమే. వారు తెల్లపూల మొక్కలను లెక్కించి, ఆ లెక్కను లోకమునకు చూపిరి. 1992లో రోమునగరమున రొమానో, మచీనో యనువారు నారింజవన్నె బూజులో నిట్టి వింతనే కనిరి. కాని పూలమొక్కలవారు వ్రాసినది పురుగుల శాస్త్రమువారు చదువరు. బూజులవారిది ఎవ్వరును చదువరు. శాస్త్రములోను శాఖాభేదములు కలవు. అవి మన కులభేదములంత క్రూరములు కాకపోయినను, కాలమును వృథచేయుటలో వానికేమియు తీసిపోవు.

మూడవ తావు మట్టిలో నివసించు ఒక మిల్లీమీటరు పొడవు గల నులిపురుగు. దాని కథ తెలియుటకు ముందు కణము పనిచేయు తీరును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. యను పదార్థము అసలు దస్తావేజువలె పెట్టెలో భద్రపఱుపబడి యుండును. పని కావలసినప్పుడు దానినుండి ఆర్.ఎన్.ఏ. యను నకలు బయలుదేఱును. ఆ నకలును జూచి కణము ప్రోటీనును తయారుచేయును. నకలు ఒంటిపోగు. దానికి సరిగా ఎదురు జోడైన పోగును కణములోనికి పంపినచో, రెండును అతుకుకొని నకలు చదువరానిదగునని అప్పటివారి యూహ.

1995లో కోర్నెల్ విశ్వవిద్యాలయమున సు గువో, కెనెత్ కెంఫ్యూస్ యనువారు ఈ ఉపాయముతో నులిపురుగులోని యొక జన్యువును అణచిరి. సరిచూచుటకై వేఱు పురుగులలోనికి ఎదురుజోడు కాని పోగును, అనగా నకలునకు సరిసమానమైన దానినే, పంపిరి. దానివలన ఏమియు జరుగరాదు. ఆశ్చర్యమేమనగా, అదియు జన్యువును అంతగానే అణచెను. ఇల్లాలు పాలలో తోడు వేసిన గిన్నెయు, వేయని గిన్నెయు ఒకటే విధముగ పెరుగైనచో, ఆ తోడును నమ్మునా? గువో, కెంఫ్యూసులు ఆ చిక్కును దాపక వ్రాసిరి.

చిక్కును విప్పినవారు బాల్టిమోరులోని కార్నెగీ సంస్థలో నుండిన ఆండ్రూ ఫైరు, మసాచుసెట్సు విశ్వవిద్యాలయమునకు చెందిన క్రెయిగ్ మెల్లో, వారి సహచరులును. ప్రయోగశాలలో ఒంటిపోగును తయారుచేయునప్పుడు రెండవ పోగు కొంచెము కలిసిపోవుచున్నదేమో యని వారికి అనుమానము గలిగెను. రెంటిని విడివిడిగా శుభ్రపఱచి పంపగా ఫలము స్వల్పము. రెంటిని జంటగా పెనవైచి పంపగా, కణమునకు కొలది అణువులు మాత్రమే యున్నను జన్యువు మూగవోయెను. 1998 ఫిబ్రవరిలో ప్రకటితమైన యీ పరిశోధనకు 2006లో నోబెల్ బహుమానము లభించెను. తెల్లని పెట్యూనియాకును, బూజునకును, పురుగునకును గల చుట్టఱికము అప్పుడు తేటపడెను.

వైరసులు పెక్కింటి పెంపులో ఇట్టి జంటపోగు పుట్టును. కావున కణము దానిని శత్రుచిహ్నముగ ఎంచి ముక్కలుగ కోయును. ఆ ముక్కలను ఆనవాలుగ గొని, వానితో సరిపోలు నకలులను వెదకి త్రుంచును. 1999లో ఇంగ్లండున హామిల్టన్, బౌల్కూంబు అను శాస్త్రజ్ఞులు మొక్కలలో ఆ చిన్నముక్కలను కనుగొనిరి. కోయు సాధనమునకు 2001లో 'డైసరు' అని పేరిడిరి. అసలు దస్తావేజునకు ఏ హానియు లేదు. నకలులు మాత్రమే నశించును. అందుచే ఈ మౌనము కొన్నాళ్లకు తొలగిపోవుటయు కలదు.

ఇక గాజుపళ్లెములలో పెంచెడి మానవకణముల సంగతి. ఇచ్చట పెద్ద అడ్డంకి యుండెను. ముప్పది అక్షరములకు మించిన జంటపోగును మన కణము చూచెనా, ఇంటర్‌ఫెరాన్ యను హెచ్చరిక మ్రోగును. సమస్త ప్రోటీనుల తయారియు నిలిచి, కణమే చచ్చును. ఒక్కని నోరు మూయింపబోయి ఊరినంతను వల్లకాడు చేసినట్లు. జర్మనీదేశమున గోటింగెన్ నగరమందలి మాక్సు ప్లాంకు సంస్థలో సైదా ఎల్బషీర్, తోమస్ తుష్ల్ మొదలగువారు పొడవైన పోగును మాని, కణము తానే కోసికొను కొలతలో 21 అక్షరముల జంటను రసాయనికముగ సిద్ధపఱచిరి. దానిని క్రొవ్వు బొట్లలో చుట్టి కణములపై పోసిరి. మిణుగురు పురుగునుండి తెచ్చి కణములలో నుంచిన వెలుగు జన్యువు మసకబాఱెను. హెచ్చరిక మ్రోగలేదు. తరువాత కణబీజపు గోడలోని లామిన్ ప్రోటీనునకు గుఱిపెట్టగా, అదియు మిక్కిలి తగ్గెను. ఇది 2001 మే నెలలో వెలువడెను.

ఆ లామిన్ తగ్గినది హీలా యను కణములలో. ఈ పేరును గూర్చి శాస్త్రగ్రంథములు తఱచుగా ఊరకుండును, మనము ఊరకుండరాదు. హెన్రియెట్టా లాక్సు ఐదుగురు బిడ్డల తల్లి, నల్లజాతి స్త్రీ, ముప్పదియొక్క యేండ్లది. 1951లో బాల్టిమోరులోనే (ఫైరు పనిచేసిన నగరమే) జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ద్వారమున పుట్టిన కేన్సరునకు చికిత్స పొందుచుండగా, ఆమె నడుగకయే కణములను తీసి పరిశోధనకు పెట్టిరి. అక్టోబరులో ఆమె మరణించెను; కణములు నేటికిని పెరుగుచున్నవి. ఇరువది యేండ్లకు పైగా ఆమె కుటుంబమునకు ఈ మాట తెలియదు. ఆమె పేరులోని తొలి యక్షరములే హీలా. ఆ కణములనుండి వచ్చిన మేలును కాదనవలెనని నా యభిప్రాయము కాదు. అడుగుటకు ఒక్క నిముసము చాలునే! ఆ నిముసము నామె కీయకపోవుటకు, ఆమె పేదది, స్త్రీ, నల్లనిది యగుట కారణము కాదని చెప్పుట కష్టము. 2023లో ఆమె వారసులు ఆ కణములతో వ్యాపారము చేసిన యొక కంపెనీతో రాజీకి వచ్చిరి.

2001 తరువాత ఈ పద్ధతి ప్రయోగశాలలలో దావానలమువలె వ్యాపించెను. ఫలానా జన్యువు చేయు పని యేమో తెలిసికొనుటకు దానిని నోరుమూయించి, కణమునకు ఏమి కొఱవడునో చూచుటకంటె తేలిక మార్గ మేమున్నది? కాని 2003లో జాక్సన్ మొదలగువారు ఒక దోషమును బయటపెట్టిరి: అక్షరములలో కొన్ని మాత్రమే కలసినను, సంబంధము లేని ఇతర జన్యువులును కొంత అణగుచున్నవి. అనగా పళ్లెములో కణము చచ్చినదన్నంతమాత్రమున గుఱిపెట్టిన జన్యువే కారణమని చెప్పరాదు. అందుచే జాగ్రత్త గలవారు ఏ జన్యువునకును పోలని ముక్కను ఒక పళ్లెమున పోయుదురు. అదే జన్యువులోని వేఱొక చోటునకు సరిపడు ముక్కను మఱొక పళ్లెమున పోయుదురు. పిదప ముక్కకు చిక్కని విధముగ మార్చిన జన్యువును తిరిగి చేర్చి, పోయిన పని మరల వచ్చునేమో చూతురు. ఈ మూడింటిలో ఒకటి కొఱవడిన వ్రాతలు పెక్కు అచ్చయినవి. పొగడ్తలు వ్రాయువారికి ఈ పళ్లెముల లెక్క విసుగు పుట్టించును గాబోలు, దానినే వదలివేయుదురు.

2018లో పటిసిరాన్ అను ఔషధమునకు అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. వంశపారంపర్యముగ వచ్చు ఒక నరముల వ్యాధిలో చెడిన ప్రోటీనును తయారుచేయు జన్యువును ఇది కాలేయములో మూగచేయును. పళ్లెములోవలెనే దీనిని క్రొవ్వు బొట్టులో చుట్టి, మూడు వారముల కొకసారి రక్తములోనికి ఎక్కింతురు. కాలేయము ఆ బొట్లను తానై లాగుకొనును గనుక పని నెఱవేఱినది. మెదడునకును, గుండెకును అటుల చేర్చుట కాలేయమునకు చేర్చినంత సులభము కాదు.