కౌన్సిలర్‌గా క్యాథ్లీన్ క్లార్క్: డబ్లిన్ నగరపాలక చరిత్రలో ఒక ప్రస్థానం

వ్యాససంగ్రహం

ఐర్లండ్ స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో క్యాథ్లీన్ క్లార్క్ (1878-1972) పేరు సాధారణంగా 1916 తిరుగుబాటులో ప్రాణాలు కోల్పోయిన టామ్ క్లార్క్ భార్యగా కనిపిస్తుంది. డబ్లిన్ నగరపాలక సంస్థ సభ్యురాలిగా, ఆ నగరానికి తొలి మహిళా లార్డ్ మేయర్‌గా ఆమె చేసిన ప్రయాణానికి ప్రత్యేకమైన చారిత్రక ప్రాధాన్యం ఉంది. ఆ ప్రయాణం ఆధారంగా ఐర్లండ్‌లో నగర కౌన్సిలర్ అధికారం ఏ దశల్లో ఎలా మారిందో, అందులో స్త్రీల స్థానం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: క్యాథ్లీన్ క్లార్క్, డబ్లిన్, నగరపాలక సంస్థ, కౌన్సిలర్, లార్డ్ మేయర్, స్త్రీల రాజకీయ ప్రాతినిధ్యం.

1. ఉపోద్ఘాతం

జాతీయోద్యమ చరిత్రల్లో శాసనసభలకు, సాయుధ పోరాటాలకు దక్కిన చోటు పురపాలక సంఘాలకు దక్కదు. అయితే వలస పాలనలో ఉన్న ప్రజలకు అధికారం మొదట అందివచ్చిన వేదికల్లో పురపాలక సంఘాలు ముఖ్యమైనవి. రోడ్డు, నీరు, ఇల్లు, పన్ను వంటి నిత్యావసరాలపై నిర్ణయం తీసుకోవడం అక్కడే మొదలైంది. ఐర్లండ్‌లో ఈ పరిణామాన్ని గ్రహించడానికి క్యాథ్లీన్ క్లార్క్ జీవితం తగిన ఉదాహరణ.

2. లిమెరిక్ వారసత్వం

క్యాథ్లీన్ 1878లో లిమెరిక్ నగరంలో డేలీ కుటుంబంలో జన్మించారు. ఆమె తండ్రి సోదరుడు జాన్ డేలీ ఫీనియన్ విప్లవకారుడు. పన్నెండేళ్ల కారాగారవాసం తరువాత 1896లో విడుదలయ్యారు. 1898 నాటి ఐర్లండ్ స్థానిక ప్రభుత్వ చట్టం స్థానిక ఓటుహక్కును విస్తృతం చేసింది. అంతవరకు ఆస్తిపరుల చేతుల్లో ఉన్న పురపాలక సంఘాల్లోకి శ్రామికుల ప్రతినిధులు ప్రవేశించడానికి అది దారి తీసింది. ఆ మార్పు ఫలితంగా నిన్నటి ఖైదీ జాన్ డేలీ 1899 నుంచి 1901 వరకు వరుసగా మూడు పర్యాయాలు లిమెరిక్ మేయర్ అయ్యారు.

జైలులో డేలీకి సహచరుడైన టామ్ క్లార్క్‌కు 1899లో లిమెరిక్ నగరం గౌరవ పౌరసత్వం ఇచ్చింది. క్యాథ్లీన్‌కు ఆయనతో పరిచయం ఏర్పడింది ఆ సందర్భంలోనే. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థుడని ముద్రవేసిన వ్యక్తిని ఒక నగరం సన్మానించగలదన్న విషయాన్ని ఆమె యవ్వనంలోనే ప్రత్యక్షంగా చూశారు. ప్రభుత్వ నిర్ణయాన్ని మార్చే శక్తి పురపాలక సంఘానికి లేకపోవచ్చు. దాని నైతికతను బహిరంగంగా ప్రశ్నించే శక్తి మాత్రం ఉంది. తరువాతి కాలంలో ఆమె లార్డ్ మేయర్‌గా ప్రవర్తించిన తీరుకు మూలం ఇక్కడ కనిపిస్తుంది.

3. విప్లవం నుంచి నగర సభకు

1901లో న్యూయార్క్‌లో వీరి వివాహం జరిగింది. 1907లో ఐర్లండ్‌కు తిరిగివచ్చిన దంపతులు డబ్లిన్‌లో పొగాకు దుకాణం నడిపారు. అది విప్లవకారులు కలుసుకునే స్థలంగా మారింది. తెలుగు పాఠకులకు పరిచితులైన వి.వి. గిరి న్యాయవిద్యార్థిగా డబ్లిన్‌లో గడిపిన 1913-16 మధ్యకాలం కూడా ఈ ఉద్రిక్త వాతావరణంలోనిదే.

1914లో మహిళా సంస్థ కుమన్ నమాన్ స్థాపనలో క్యాథ్లీన్ పాల్గొన్నారు. 1916 ఏప్రిల్ తిరుగుబాటు విఫలమైన తరువాత, మే 3న భర్త టామ్ క్లార్క్‌ను, మరునాడు తమ్ముడు నెడ్ డేలీని బ్రిటిష్ సైన్యం కాల్చిచంపింది. ముగ్గురు కుమారుల బాధ్యత ఆమెపై పడింది. ఆ స్థితిలోనే మరణించినవారి, ఖైదీల కుటుంబాల సహాయనిధిని ఆమె నిర్వహించారు. 1917లో ఆ నిధికి కార్యదర్శిగా నియమితుడైన యువకుడే మైకేల్ కాలిన్స్. కుటుంబాల అవసరాలను గుర్తించడం, డబ్బు పంచడం, లెక్కలు నిలపడం వంటి పనులు కౌన్సిలర్ బాధ్యతలకు దగ్గరివి. ఆమె పాలనానుభవం ఎన్నికలకు ముందే మొదలైందని దీన్నిబట్టి చెప్పవచ్చు. 1918లో అరెస్టయి, 1919 ఫిబ్రవరి వరకు లండన్‌లోని హాలోవే జైలులో ఉన్నారు.

4. తిరుగుబాటు నగరపాలిక, రద్దు (1920-24)

ఐర్లండ్ స్త్రీలకు నగర కౌన్సిళ్లలో సభ్యత్వార్హత 1911లో లభించింది. 1912లో సారా హారిసన్ డబ్లిన్ తొలి మహిళా కౌన్సిలర్ అయ్యారు. 1920 జనవరిలో దామాషా పద్ధతిలో జరిగిన ఎన్నికల్లో షిన్ ఫేన్ పార్టీ తరఫున క్యాథ్లీన్ క్లార్క్ ఆల్డర్మన్‌గా ఎన్నికయ్యారు. జెన్నీ వైజ్ పవర్, హన్నా షీహీ స్కెఫింగ్టన్ కూడా అదే సభలో ప్రవేశించారు.

ఆ ఏడాది మే నెలలో డబ్లిన్ నగరపాలక సంస్థ బ్రిటిష్ ప్రభుత్వాన్ని కాదని, ఐరిష్ ప్రతినిధుల సభ డాయిల్‌కు విధేయత ప్రకటించింది. ప్రభుత్వ గ్రాంట్లు నిలిచిపోయే ప్రమాదాన్ని ఎదుర్కొంటూనే నగర సేవలను నడపవలసివచ్చింది. క్యాథ్లీన్ డాయిల్ న్యాయస్థానాల్లో న్యాయమూర్తిగానూ పనిచేశారు. 1921లో డాయిల్ సభ్యురాలై, ఆంగ్లో ఐరిష్ ఒప్పందాన్ని వ్యతిరేకించారు.

ఇందులో ఒక చారిత్రక వైరుధ్యం ఉంది. బ్రిటిష్ పాలనను ధిక్కరించి నిలిచిన డబ్లిన్ నగర సభను 1924 మేలో రద్దుచేసినది స్వతంత్ర ఐరిష్ ప్రభుత్వమే. ఎన్నికైన సభ్యుల స్థానంలో ముగ్గురు కమిషనర్లను నియమించింది. 1930 వరకు రాజధానికి ఎన్నికైన సభ లేదు.

5. మేనేజర్ వ్యవస్థలో కౌన్సిలర్

1930 చట్టం నగర సభను పునరుద్ధరించింది. సభ్యుల సంఖ్యను మాత్రం 80 నుంచి 35కు తగ్గించింది. పన్నుల నిర్ణయం, రుణసేకరణ, ఉపనిబంధనల రూపకల్పన వంటి కొన్ని అధికారాలు సభకు మిగిలాయి. ఉద్యోగుల నిర్వహణ, దైనందిన పాలన నగర మేనేజర్ చేతికి వెళ్లాయి. ఈ సభలోకి క్యాథ్లీన్ ఫియన్నా ఫాల్ పార్టీ సభ్యురాలిగా తిరిగి ఎన్నికయ్యారు. 1928 నుంచి 1936లో రద్దయ్యేవరకు సెనేట్‌లోనూ ఉన్నారు.

పరిశ్రమల్లో స్త్రీల ఉపాధిని పరిమితం చేసే అధికారం మంత్రికి ఇచ్చిన 1935 బిల్లులోని నిబంధనను ఆమె సెనేట్‌లో వ్యతిరేకించారు. స్త్రీ స్థానాన్ని ఇంటికి ముడిపెట్టిన 1937 రాజ్యాంగ నిబంధనలనూ అంగీకరించలేదు. ఈ రెండూ సొంత పార్టీ ప్రభుత్వ ప్రతిపాదనలే. ఆమె వాదానికి ఆధారం 1916 ప్రకటన. పౌరులందరికీ సమాన హక్కులు వాగ్దానం చేసిన ఆ పత్రంపై మొదటి సంతకం టామ్ క్లార్క్‌ది. అమరుని భార్య అన్న హోదాను ఆమె సంతాప చిహ్నంగా వాడుకోలేదు. నెరవేరని వాగ్దానాన్ని గుర్తుచేసే అధికారంగా మలచుకున్నారు.

6. లార్డ్ మేయర్ (1939-41)

1930 నుంచి తొమ్మిదేళ్లు నిరంతరాయంగా లార్డ్ మేయర్‌గా ఉన్న ఆల్ఫీ బర్న్ తరువాత, 1939 జూన్‌లో క్యాథ్లీన్ ఆ పదవికి ఎన్నికయ్యారు. అప్పటికి ఆమె వయస్సు 61 ఏళ్లు. రాజు మూడవ విలియం కాలంలో నగరానికి లభించిన మేయర్ హారాన్ని ధరించడానికి ఆమె నిరాకరించారు. అధికార నివాసమైన మాన్షన్ హౌస్ నుంచి విక్టోరియా రాణి చిత్రపటాన్ని తొలగింపజేశారు.

వీటిని కేవలం లాంఛనాలుగా భావించడం సరికాదు. కార్యనిర్వాహక అధికారం మేనేజర్‌కు చేరిన తరువాత లార్డ్ మేయర్‌కు మిగిలినది ప్రధానంగా ప్రతీకల రంగం. ఆమె తనకు మిగిలిన ఆ రంగాన్నే పూర్తిగా వినియోగించుకున్నారు. బ్రిటన్‌లో ఐ.ఆర్.ఎ. జరిపిన బాంబు దాడులను ఆమె సమర్థించలేదు. అయినా 1940లలో తన పార్టీ ప్రభుత్వం ఐ.ఆర్.ఎ. ఖైదీలకు మరణశిక్షలు అమలుచేయడాన్ని వ్యతిరేకించారు. భర్తను, తమ్ముడిని మరణశిక్షకు కోల్పోయిన వ్యక్తిగా ఆమె వైఖరిలో పొందిక ఉంది.

ఆమె పదవీకాలం చివరిలో, 1941 మే 31న, తటస్థ రాజధాని డబ్లిన్‌లోని నార్త్ స్ట్రాండ్ ప్రాంతంపై జర్మన్ బాంబులు పడి 28 మంది మరణించారు. ఆ ఏడాదే ఆమె పదవీకాలం ముగిసింది. ఆ తరువాత ఫియన్నా ఫాల్‌కు దూరమయ్యారు. 1948లో క్లన్ న పొబ్లక్తా అభ్యర్థిగా డాయిల్‌కు పోటీచేసి ఓడిపోయారు.

7. ముగింపు

1966లో తిరుగుబాటు స్వర్ణోత్సవ సందర్భంగా ఐర్లండ్ జాతీయ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1972లో 94వ ఏట మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆమె ఆత్మకథ 1991లో గానీ వెలుగుచూడలేదు.

ఈ ప్రస్థానంలో మూడు దశలు స్పష్టంగా కనిపిస్తాయి. 1899 నాటి లిమెరిక్‌లో నగర సభ అణచివేతకు గురైనవారి గొంతు అయింది. 1920లో కొత్త రాజ్యానికి పునాదిగా నిలిచింది. 1930 తరువాత అదే రాజ్యం నియంత్రణలో పరిమితమైన సంస్థగా మారింది. స్వాతంత్ర్యం సాధించిన రాజ్యం, తనను నిర్మించిన స్థానిక సభలనూ స్త్రీలనూ సమానంగా విశ్వసించలేదని ఈ క్రమం తెలుపుతుంది. క్యాథ్లీన్ వ్యతిరేకించిన రాజ్యాంగ వాక్యాలను మార్చే ప్రతిపాదనను 2024 మార్చిలో ఐరిష్ ఓటర్లు తిరస్కరించారు. కొత్తగా ప్రతిపాదించిన పదజాలంపైనా అభ్యంతరాలు రావడం అందుకు ఒక కారణం. ఆమె లేవనెత్తిన వివాదం ఈనాటికీ ముగియలేదు. కనుక ఆమెను అమరవీరుని భార్యగా స్మరించడంతో ఆగిపోకుండా, కౌన్సిలర్‌గా చేసిన కృషిని కూడా చరిత్ర రచన పరిగణించవలసి ఉంది.