కఫపరీక్ష పుట్టుపూర్వోత్తరములు

చంద్రుడు రోహిణియందు మాత్రమే మక్కువ చూపి తక్కిన భార్యలను అలక్ష్యము చేయగా, దక్షుడు కోపించి అతనికి క్షయరోగము కలుగునట్లు శపించెనను కథ మీరందరు ఎరిగినదే. రాజగు చంద్రునికి వచ్చిన యక్ష్మము గనుక దానికి రాజయక్ష్మమని పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. విడువని దగ్గు, సాయంకాలపు జ్వరము, నెత్తురు పడుట, నానాటికి శరీరము శుష్కించుట, వీనినన్నింటిని మన వైద్యులు ఏనాడో గుర్తించిరి. కాని ఈ లక్షణములు ఇతర వ్యాధులయందును కానవచ్చును. నెలదినములుగా దగ్గుచున్న మనుష్యునికి పట్టినది క్షయయా, ఉబ్బసమా, కేవలము చుట్టపొగవలన వచ్చిన దగ్గా యని నిశ్చయించుట ఎట్లు? ఆ నిశ్చయమునకు ఆధారము రోగి ఉమిసి పారవేయు కఫములోనే యున్నదని లోకమునకు తెలిసి నూటనలువది సంవత్సరములు దాటినది. పల్లెలలో దానిని తెమడ యందురు, కళ్లె యందురు. అసహ్యకరమైన ఆ పదార్థముచేత నిజము చెప్పించుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లను గూర్చి నేడు చెప్పదలచితిని. నేను చాలకాలము ఒక జిల్లా ప్రయోగశాలలో ఈ పనియే చేసినవాడను గనుక, ఈ కథయందు నాకు కొంత పక్షపాతము కలదు.

1882వ సంవత్సరము మార్చి 24వ తేదీ సాయంకాలమున బెర్లిను నగరములో శరీరధర్మశాస్త్ర సంఘము వారి సభలో రాబర్టు కోఖ్ అను జర్మను వైద్యుడు ఉపన్యసించెను. మనుష్యులలో ఏడుగురు చనిపోయినచో అందొకరు క్షయచేత చనిపోవుచున్నారని ఆయన లెక్క చెప్పెను. ఆ రోగమునకు కారణము కంటికి కనబడని యొక సూక్ష్మజీవి యని చెప్పి, సూక్ష్మదర్శినులలో దానిని చూపెను. అంతకు పూర్వము ఎందరో వెదకియు దానిని కానలేకపోవుటకు కారణ మేమనగా, ఆ జీవికి మైనము వంటి పదార్థముతో కూడిన గట్టి కవచము కలదు. తామరాకుపై నీరు నిలువనట్లు, సామాన్యమైన రంగు దానికి అంటదు. రంగు అంటనిదే గాజుపలకపై అది కంటికి ఆనదు. కోఖ్ నీలిరంగులో క్షారము కలిపి, పలకలను ఒక దినమంతయు అందు నానవైచి, పిమ్మట గోధుమవన్నె రంగుతో కడిగెను. అప్పుడు తక్కిన వన్నియు గోధుమవన్నె కాగా, సన్నని పుల్లల వంటి ఈ జీవులు మాత్రము నీలముగా నిలిచినవి.

ఆ సభలో పాల్ ఏర్లిఖ్ అను యువవైద్యుడు కూర్చుండియుండెను. రంగులన్న ఆయనకు ప్రాణము. కొలదివారములలోనే ఆయన కోఖ్ పద్ధతిని మెరుగుపరచి, దానికన్న విలువైన యొక రహస్యమును కనుగొనెను. ఈ జీవికి రంగు అంటుట ఎంత కష్టమో, అంటిన రంగు వదలుట అంతకన్న కష్టము. పలకపై ఘాటైన ఆమ్లము పోసినను తక్కిన జీవుల రంగు కొట్టుకొనిపోవునే కాని దీని రంగు పోదు. బందరు అద్దకపు చీరను ఎన్ని ఉతుకులు ఉతికినను అద్దిన రంగు నిలుచునట్లే యని గ్రహింపవచ్చును. కొన్ని సంవత్సరములకు, 1888 ప్రాంతమున, ఏర్లిఖ్ తనకు దగ్గు విడువకుండుట చూచి తన కఫమునే పరీక్షించుకొనెను. తాను కనుగొన్న పద్ధతిచేతనే తనకు క్షయ యున్నదని తెలిసికొని, పొడిగాలికై ఈజిప్టు దేశమునకు పోయి, స్వస్థుడై తిరిగివచ్చెను. తరువాత నోబెలు బహుమానమును సైతము పొందెను. తన తెమడను తానే పరీక్షించుకొనుటకు సిగ్గుపడని ఆ మహానుభావుని తలచినప్పుడెల్ల, మన ఊళ్ళలో ఆ పరీక్షకు వెనుదీయు వారు నాకు జ్ఞప్తికి వత్తురు.

ఆ పద్ధతికి ఫ్రాంజ్ జీల్ 1882లో కార్బాలికామ్లమును చేర్చెను. ఫ్రెడరిక్ నీల్సెను 1883లో ఎర్రరంగును దానితో కలిపి, గంధకామ్లముతో కడుగు విధానమును స్థిరపరచెను. వీరిద్దరి పేరిటనే ఆ పరీక్ష నేటికిని పిలువబడుచున్నది. కఫమును పలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, ఎర్రరంగు పోసి, క్రిందినుండి ఆవిరి లేచువరకు వేడిచేయవలెను. ఆ వేడికి మైనపు కవచము మెత్తబడి రంగును లోనికి పోనిచ్చును. పిదప ఆమ్లముతో కడిగి, కడపట నీలిరంగు పూయుదురు. వేయిరెట్లు పెద్దదిగా చూపు సూక్ష్మదర్శినిలో నీలి ఆకాశమునందు ఎర్రని సన్నగీతలవలె క్షయజీవులు కనబడును. గంటలో పని ముగియును, ఖర్చు స్వల్పము. ఇంతకన్న సులభమైన పరీక్ష వైద్యశాస్త్రములో అరుదు.

కాని దీనికొక లోపము కలదు. అది మీరు తప్పక తెలిసికొనదగినది. ఒక మిల్లీలీటరు కఫములో, అనగా సుమారు 20 చుక్కలలో, 5,000 మొదలు 10,000 వరకు క్షయజీవులున్నగాని సూక్ష్మదర్శినిలో అవి కంటబడవు. వెయ్యి యున్నను చూచువాని కన్నుగప్పి పోవచ్చును. కావున చీటీపై ‘కానరాలేదు’ అని వ్రాసినచో దాని యర్థము కానరాలేదనియే, లేవని కాదు. చీటీ వ్రాయువాడు ఈ భేదమును ఎరుగును. దానిని చేతబట్టుకొని ఇంటికి పోవు రోగి ఎరుగడు. ‘నాకు క్షయ లేదని దొరలే వ్రాసియిచ్చిరి’ అని చెప్పుకొని మరల నాలుగు నెలలు ఇంటిల్లిపాదితో కలిసి దగ్గుచు తిరుగును.

కంటికి కనబడనన్ని తక్కువ జీవులున్నచో వానిని పెంచి చూడవలెను. విత్తనము చిన్నదైనను మొలచిన పైరును ఎవరైనను చూడగలరు గదా! అయితే ఇచ్చట కలుపు బెడద వచ్చినది. కఫము ఊపిరితిత్తులనుండి నోటిగుండా వచ్చునది. నోటిలో లెక్కలేనన్ని ఇతర సూక్ష్మజీవులు కాపురముండును. అవి అరగంటలోపలనే ఒకటి రెండగును. క్షయజీవి ఒకటి రెండగుటకు 18 మొదలు 24 గంటలు పట్టును. మడిలో వరి మొలక తలయెత్తునప్పటికి కలుపు నడుములోతు పెరిగినట్లు, పెంపకపు సీసా రెండు దినములలోనే కుళ్ళిపోవును. వరిని చావనీయక కలుపును మాత్రము చంపు మందు కావలెను. కఫమును శుద్ధిచేయు పద్ధతుల చరిత్ర యంతయు ఆ మందుకొరకు జరిగిన వెదకులాటయే.

రంగు అంటనీయక ఏడిపించిన మైనపు కవచమే ఇచ్చట మేలు చేసినది. ఆ కవచము క్షారమును, ఆమ్లమును కొంతసేపు ఓర్చుకొనును; నోటిజీవులు ఓర్వలేవు. 1908లో ఉలెన్‌హూత్ అను జర్మను పండితుడు యాంటీఫార్మిన్ అను ద్రవమును ప్రయోగించెను. అది సారాయిబట్టీలలో తొట్లు కడుగుటకు వాడుచుండిన మందు! కఫమును కరగించి, తక్కిన జీవులను చంపి, క్షయజీవులను మిగుల్చుటలో అది కొంత అక్కరకు వచ్చెను. 1915లో అమెరికాలోని సారనాక్ సరస్సు చెంత పెట్రాఫ్ అను బల్గేరియా దేశీయుడు అంతకన్న సులువైన దారి తీసెను. సబ్బు తయారుచేయుటలో వాడు దాహకసోడాను నీటిలో కలిపి, దానిని కఫముతో సమపాళ్ళలో చేర్చి, శరీరపు వేడిమిలో కొంతసేపు ఉంచి, ఆమ్లముతో దాని ఘాటును విరిచి, కోడిగ్రుడ్డుతో చేసిన ఆహారముపై చల్లెను. తరువాత వియన్నాలోని లొవెన్‌స్టైను, కోపెన్‌హాగెనులోని యెన్సెను ఆ గ్రుడ్డు ఆహారమును చక్కదిద్దిరి. ఆకుపచ్చని రంగు కలిపిన ఆ గట్టి ముద్దపై మూడువారములు మొదలు ఎనిమిది వారములలోపల క్షయజీవులు కోసుపువ్వు రేకులవలె గరుకుగా, లేతపసుపు వన్నెతో మొలచును.

ఇచ్చట ఒక చిత్రమైన సూక్ష్మము కలదు. క్షారము క్షయజీవికి అమృతము కాదు. దానిలోను చాలభాగమును చంపును. నిమిషములు పెరిగినకొలది కలుపుతోపాటు పైరును పోవును. అందుచేత, సీసాలలో ఒక్కటైనను కుళ్ళని ప్రయోగశాలను చూచి మేము మెచ్చుకొనము, అనుమానింతుము. నూటికి రెండు మొదలు ఐదు సీసాలవరకు చెడిపోయినచో క్షారము తగుపాళములో పడుచున్నదని యర్థము. ఏదియు చెడలేదనగా మందు మితిమీరినదన్నమాట. అందు ఎందరి క్షయజీవులు చచ్చి, ఎందరికి ‘మొలవలేదు’ అని చీటీ పోయినదో ఎవరు చెప్పగలరు?

నేనున్న ప్రయోగశాలకు ఒక నేతపనివాని కఫము వచ్చెను. పలకపై ఏమియు కానరాలేదు. మరునాటి కఫములోను కానరాలేదు. ఆరవవారమున సీసాపై నాలుగు పసుపు గింజలు మొలచినవి. కబురు పంపగా, ఆయన అప్పటికే కుమార్తె ఇంటికి పోయి, పురిటిబిడ్డను ఎత్తుకొని ఆడించుచున్నాడని తెలిసినది. మందులు వెంటనే మొదలుపెట్టిరి, బిడ్డను పరీక్షించి ఔషధమిచ్చిరి. ఇద్దరును క్షేమముగా నున్నారు. కాని ఆ ఆరువారములను నేను మరువలేదు.

1963లో కుబికా మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు కఫపు జిగటను విరుచు అసిటైల్ సిస్టీన్ అను మందును దాహకసోడాతో జోడించిరి. జిగట సులువుగా విరుగుటచే క్షారము సగమైనను చాలెను, పదునైదు నిమిషములలో పని ముగిసెను. పిమ్మట ఆ ద్రవమును గిర్రున త్రిప్పు యంత్రములో నుంచినచో క్షయజీవులు అడుగునకు చేరును. ఆ మడ్డినే పలకకు, సీసాకు వాడుదురు.

ఈ పద్ధతుల విలువ మన దక్షిణదేశమున ఋజువైన తీరు ప్రత్యేకముగా చెప్పదగినది. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున క్షయకు చికిత్స యనగా మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో నెలలకొలది విశ్రాంతియే. అచ్చట మంచము దొరకని పేదవాని గతి యేమి? 1956లో చెన్నపట్టణమున స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రము వారు నగరములోని 193 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని శానిటోరియములోను, రెండవభాగము వారిని వారి యిరుకు ఇండ్లలోను ఉంచి, ఒకే మందులు ఒక సంవత్సరమిచ్చిరి. ఎవరికి నయమైనదో తేల్చుటకు ముఖ్యసాక్షి శుద్ధిచేసి పెంచిన కఫమే. 1959లో ప్రకటింపబడిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను. ఇంటనున్నవారికిని ఇంచుమించు అంతే నయమైనది.

పిదప బెంగళూరులోని జాతీయ క్షయసంస్థ వారు జిల్లా క్షయ కార్యక్రమమును 1961లో మన అనంతపురము జిల్లాలో ప్రయోగించి చూచిరి. క్షయను వెదకుచు ఊరూర తిరుగనక్కరలేదు, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవాని కఫమును అచ్చటనే చూచిన చాలునన్నది అందలి భావము. అందుకు ఆధారము తుముకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సెను అనువారు చేసి 1963లో ప్రకటించిన పరిశీలన. క్షయలక్షణములు గలవారిలో సగముకన్న ఎక్కువమంది అప్పటికే వైద్యునివద్దకు పోయియుండిరి. దగ్గుమందు సీసా పుచ్చుకొని తిరిగివచ్చిరి. తప్పు రోగిదని మనము సులభముగా అందుము. ఆ పరిశీలన చూచినపిమ్మట నాకు ఆ మాట నోటరాదు.

దూరపు పల్లెనుండి కఫము బస్సులో వచ్చులోపల ఎండకు కుళ్ళిపోవుట మరియొక చిక్కు. 1975లో స్మిత్‌విక్ మొదలగువారు ఉప్పుతో ఒక క్రిమినాశకమును కలిపి కఫములో వేసినచో వారముదినములు చెడకుండునని చూపిరి. దానిని మంచుపెట్టెలో ఉంచరాదు. చల్లదనమునకు మందు గడ్డకట్టును.

పరీక్ష ఎంత గొప్పదైనను వచ్చినది ఉమ్మి యైనచో చేయగలిగినది స్వల్పము. సీసాలో నీళ్ళవలె నురుగుతో నున్నది ఉమ్మి. చిక్కగా, పచ్చగా లేక తెల్లగా జిగటతో నున్నది కఫము. మగవారి యెదుట కాఱి ఉమియుటకు మన స్త్రీలు సిగ్గుపడుదురు. పాకిస్తానులోని రావల్పిండిలో దీనినే పరీక్షించి 2007లో ప్రకటించిరి. లోతుగా ఊపిరి తీసి, దగ్గి, కఫము తీయవలెనని రెండు నిమిషములు బోధించినంతమాత్రమున, నూరుగురు స్త్రీలలో 8 మందికి బయటపడు క్షయ 13 మందికి బయటపడెను. క్రొత్త యంత్రము లేదు, క్రొత్త మందు లేదు. తెల్లవారగనే, ఏమియు తినకమునుపు, నోరు నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయట ఏకాంతముగా నిలిచి తీసిన కఫము శ్రేష్ఠము.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ అను యంత్రము రెండుగంటలలోపల క్షయజీవి యొక్క వారసత్వ పదార్థమును పట్టును. మిల్లీలీటరునకు సుమారు 130 జీవులున్నను చాలును. రిఫాంపిసిన్ అను ముఖ్యౌషధము పనిచేయునో లేదో గూడ చెప్పును. గోవాలో తయారగు ట్రూనాట్ యంత్రము బ్యాటరీతో పనిచేయునదై ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు చేరినది; దానికి 2020లో ఆ సంస్థ ఆమోదము లభించెను. ఇవి వచ్చినంతమాత్రమున పాతవి పోలేదు. జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రములో కఫమును పోయుటకు ముందు దానిలో కలుపు ద్రవమున దాహకసోడా యున్నది. అది 1915నాటి పెట్రాఫ్ క్షారమే. ఆ యంత్రము చచ్చిన జీవుల జాడను సైతము పట్టును గనుక, మందులు తినుచున్న రోగికి నయమగుచున్నదో లేదో చూచుటకు అది తగదు. అందులకు నేటికిని గాజుపలకపై కఫము పూసి, 1883లో నీల్సెను కలిపిన ఎర్రరంగునే పోయుచున్నారు.