పార్కు బెంచీ నుంచి కేస్ ఫైలు దాకా

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌లో 19 ఏళ్ల కుర్రాడొకడు. ఆడపిల్లను పలకరించాలంటే వాడికి ప్రాణం మీదికొచ్చేది. బెంచీ మీద ఒంటరిగా ఏ అమ్మాయి కనబడినా వెళ్లి మాట కలపాలని నెల రోజులపాటు తనకు తానే శిక్ష వేసుకున్నాడు. ఆయనే చెప్పుకున్న లెక్క ప్రకారం 30 మంది లేచి వెళ్లిపోయారు, 100 మంది మాట్లాడారు. ఒక్కామె మళ్లీ కలుస్తానంది, రాలేదు. భయం మాత్రం వదిలింది. ఆ కుర్రాడే ఆల్బర్ట్ ఎల్లిస్. అమెరికా సోషల్ వర్కర్లు ఇవాళ వాడే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి మూలపురుషుల్లో ఒకడు.

ఇంకా వెనక్కి వెళ్తే బానిసగా బతికిన తత్వవేత్త ఎపిక్టెటస్ తగులుతాడు. మనల్ని కలతపెట్టేది జరిగినది కాదు, దాని గురించి మనం అనుకునేదేనన్నాడు. అక్కడి నుంచి 1955కు గంతేయాల్సిందే. ఎల్లిస్ తన చికిత్స మొదలుపెట్టింది అప్పుడే. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్, డిప్రెషన్ వెనుక ఉండేది కోపమేనన్న ఫ్రాయిడ్ మాట రుజువు చేద్దామని డిప్రెషన్ రోగుల కలలు పరిశీలించాడు. కోపం కనిపిస్తుందనుకుంటే ఓటమి, పోగొట్టుకోవడం కనిపించాయి. దాంతో దారి మార్చాడు.

సోషల్ వర్క్ వైపు నుంచి చూస్తే మాత్రం నా మనసు మేరీ రిచ్‌మండ్ దగ్గరే ఆగిపోతుంది. బాల్టిమోర్‌లోని ఒక ధార్మిక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరిన ఈమె, పేదల ఇళ్లకు వెళ్లేవాళ్ల కోసం 1899లో ఒక పుస్తకం రాసింది. 1917 నాటి 'సోషల్ డయాగ్నసిస్' అయితే ఏకంగా ఓ ఉద్గ్రంథం. చుట్టాలను ఏమడగాలి, బడిలో ఎవరిని కలవాలి, పనిచ్చిన యజమాని మాట ఎంతవరకు నమ్మాలి, ఇరుగుపొరుగు సాక్ష్యానికి విలువెంత... ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. మనిషిని అర్థం చేసుకోవాలంటే ముందు అతని వీధి చూడమంటుందామె.

తర్వాత ఫ్రాయిడ్ గాలి వీచి, వీధి పక్కకుపోయి బాల్యం ముందుకొచ్చింది. ఆలోచనల సంగతి పట్టించుకోండని సోషల్ వర్కర్ హరాల్డ్ వెర్నర్ 1965లో పుస్తకం రాశాడు. సోషల్ వర్కర్లు ఒక్కో మనిషితో విడిగా చేసే పని, అంటే కేస్‌వర్క్, ఫలిస్తోందనడానికి ఆధారాలేవని 1973లో జోయెల్ ఫిషర్ నిలదీశాడు. ఫలితం కొలిచి చూపగల చికిత్సకు గిరాకీ పెరిగింది.

ఇవాళ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో ఇచ్చే కాగితంలో గడులుంటాయి: ఏం జరిగింది, ఏమనిపించింది, బాధ నూటికి ఎంత, ఆ ఆలోచనకు ఆధారమేమిటి. 'నా పిల్లలతో రోడ్డున పడతాను' అని ఒక తల్లి రాస్తే, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు ఆమె చేతిలోనే ఉంటే, అది వక్రించిన ఆలోచన కాదు, వాస్తవం. ఆమెకు ముందు కావాల్సింది ఉచిత న్యాయసహాయం. నన్నడిగితే ఆ కాగితంలో ఇంకో గడి గీయాలి: ఇది నిజమే అయితే ఎవరికి ఫోన్ చేయాలి?