ప్రెస్సు నోటికి మేత పెట్టే చెయ్యి

నరసన్నపేట పరిసరాల్లో ఒకప్పుడు వరిగడ్డి గురించి రైతు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. కొడవళ్లతో కోసి పనలు వేసేవారు. ఆరాక కుప్ప పెట్టి, తీరిక చూసుకుని కళ్ళంలో నూర్చేవారు. గింజ గాదెకు, గడ్డి వామికి చేరేవి. పశువులకు ఏడాది మేత ఆ వామిలోనే ఉండేది. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ కింద కోత మిషన్లు దిగాక ఈ వరస మారిపోయింది. ఎకరం ధాన్యం చూస్తుండగానే బస్తాల్లోకి వెళ్తుంది. గడ్డి మాత్రం నలిగి, విరిగి చేనంతా పరుచుకుని ఉంటుంది. దాన్ని చేత్తో ఏరి మోపులు కట్టడానికి కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి గిట్టదు. పైగా వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లే ప్రాంతం ఇది. మొలకలపై గడ్డి పడి ఉంటే అవి ఎదగవు. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతం మీద ఒక్క అల్పపీడనం ఏర్పడితే చాలు, ఆ గడ్డి మేతకు కూడా పనికిరాకుండా పోతుంది.

అందుకే ట్రాక్టర్ వెనక తగిలించుకుని గడ్డిని ఏరి, అదిమి, కట్టలు కట్టే బేలర్‌కు ఇంత గిరాకీ. దాన్ని మొదటిసారి చూసినవాళ్ల కళ్లన్నీ వెనక నుంచి దొర్లిపడే కట్ట మీదే ఉంటాయి. అసలు తెలివి ముందు భాగంలో ఉంది. గడ్డిని నేల మీంచి లేపి, సరైన క్షణంలో, సరైన మోతాదులో నొక్కే గదిలోకి తోసే భాగం అది. ఆ తోపుడు పనిని మనిషి చేతుల నుంచి యంత్రానికి అప్పగించడానికి సుమారు డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ డెబ్బై ఏళ్లలో ఎందరో చేతులు, కాళ్లు పోగొట్టుకున్నారు.

19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో గడ్డి ప్రెస్సులు నిలువెత్తు చెక్క పెట్టెలు. పెట్టె నిండా గడ్డి కూరి, తలుపు బిగించి, మరతో నొక్కి, తాళ్లు కట్టి, తలుపు తీసి కట్టను బయటికి లాగేవారు. మళ్లీ మొదటి నుంచీ అదే పని. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి చెందిన పి.కె. డెడెరిక్ 1872లో ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. పెట్టెను పడుకోబెట్టి, రెండో కొస తెరిచి ఉంచాడు. నొక్కే దిమ్మ ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంటుంది. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ కాస్త గడ్డి లోపలికి పడుతుంది, ముందుకు వచ్చినప్పుడు అది పాత గడ్డికి అదుముకుంటుంది. గోడల ఒరిపిడే దానికి ఎదురునిలిచి కట్టను గట్టిపరుస్తుంది. ఇక ఆగే పని లేదు. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు గుర్రం తిరుగుతూ ఉంటే కట్టలు వరసగా బయటికి వచ్చేవి.

ఆగని యంత్రం తన వేగాన్ని మనిషి మీద రుద్దింది. గడ్డి అందించేవాడు బల్ల మీద నిలబడి, దిమ్మ వెనక్కి వెళ్లిన ఆ కాస్త వ్యవధిలో పంగలకర్రతో గడ్డిని రంధ్రంలోకి కుక్కాలి. గడ్డి తేలికైనది, పొంగుతుంది, ఎంత నెట్టినా పైకి లేస్తుంది. విసిగిన మనిషి చేత్తో అదిమేవాడు, ఒక్కోసారి కాలితో తొక్కేవాడు. అంతలో దిమ్మ తిరిగి వచ్చేది. పొలం పనుల్లో అంతకంటే ప్రమాదకరమైన చోట్లు ఎక్కువ లేవు. ఆవిరి ఇంజన్లు, తర్వాత పెట్రోలు ఇంజన్లు గుర్రం స్థానంలోకి వచ్చాక ప్రమాదం ఇంకా పెరిగింది. అలసిన గుర్రం నెమ్మదిస్తుంది, ఇంజన్ అలా కాదు.

దీనికి దొరికిన ఉపాయమే యాంత్రిక ఫీడర్. గడ్డి వేసే తొట్టి పైన ఒక ఇనుప చెయ్యి వేలాడుతుంది. దాన్ని కడ్డీలతో నొక్కే దిమ్మకే ముడిపెట్టారు. దిమ్మ వెనక్కి వెళ్లగానే చెయ్యి కిందికి దిగి గడ్డిని గదిలోకి తోస్తుంది, దిమ్మ ముందుకు కదిలేసరికి పైకి తప్పుకుంటుంది. మనిషి ఇక తొట్టిలో గడ్డి పడేస్తే చాలు, అతని చెయ్యి నొక్కే గది దరిదాపులకు పోనక్కర్లేదు. గది అంచున వేలాడే పోచలను లోపలికి మడిచే చిన్న పరికరం కూడా దీనికి తోడైంది. లేకపోతే కట్ట పైభాగం గజిబిజిగా ఉండి, బండి మీద పేర్చడానికి కుదిరేది కాదు. రెండు కదలికలకూ కాలం కలపడమే ఇందులోని నేర్పు. ఆ కాలం తప్పితే దిమ్మ, చెయ్యి ఒకదాన్నొకటి గుద్దుకుని విరిగిపోతాయి.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ రైతు ఎడ్ నోల్ట్ 1937లో పొలంలోనే తిరుగుతూ గడ్డిని తానే ఏరుకుని, తానే ముడివేసుకునే బేలర్‌ను తయారుచేశాడు. 1940 ప్రాంతంలో న్యూ హాలండ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ముడివేసే పరికరం అప్పటికే ఉంది, 1878 నాటి జాన్ యాపిల్‌బీ ఆవిష్కరణ. ఇప్పటి చదరపు బేలర్లలోనూ గడ్డి నడిచే దారి దాదాపు అదే. వేళ్లలాంటి పళ్లు నేల మీంచి గడ్డిని ఎత్తుతాయి, ఒక ఫోర్కు దాన్ని పక్కనున్న గదిలోకి తోస్తుంది, దిమ్మకున్న కత్తి అంచు దగ్గర మిగులు పోచలను తెగ్గోస్తుంది. రాయో కర్రో అడ్డుపడితే ఫోర్కు వంగకుండా ముందుగా తెగిపోయే చిన్న బోల్టు ఒకటి ఉంటుంది. అనుభవమున్న డ్రైవర్లు అలాంటివి నాలుగైదు టూల్‌బాక్సులో ఉంచుకుంటారు.

ఉత్తరాంధ్రకు బేలు, అంటే అదిమి కట్టిన కట్ట, కొత్త కాదు. గోగునార వ్యాపారం వల్ల భీమునిపట్నం పేరు లండన్ మార్కెట్ దాకా వెళ్లింది, ఈ నారను అక్కడ బిమ్లిపటం జూట్ అనే పిలిచేవారు. గోస్తనీ ఒడ్డున చిట్టివలస, చంపావతి ఒడ్డున నెల్లిమర్ల జూట్ మిల్లులకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల గోగే ఆధారంగా ఉండేది. విడి నార ఓడలో చోటు తినేస్తుంది కాబట్టి ఎగుమతికి 400 పౌండ్ల పక్కా బేలు కట్టేవారు. నేటికీ జూట్ లెక్కల్లో బేలు అంటే 180 కిలోలు.

అయితే ఆ బేళ్లు కట్టే ప్రెస్సుల్లోకి ఇనుప చెయ్యి రాలేదు. గోగునార మనిషి ఎత్తును మించిన పొడవుంటుంది. చెరువులో రోజుల తరబడి ఊరబెట్టి, చేత్తో ఒలిచి, కడిగి, ఆరబెట్టిన ఆ పోగులు వరస చెదరకుండా ఉంటేనే మిల్లులో పనికొస్తాయి. ఫోర్కుతో తోస్తే చిక్కుపడి విలువ పడిపోతుంది. అందుకని నారను మడిచి, వరసగా పెట్టెలో పేర్చే పని కూలీల చేతుల్లోనే నిలిచింది. పత్తి అలా కాదు. దూదికి వరస లేదు. ఒకప్పుడు పెట్టెలో దిగి కాళ్లతో తొక్కిన దూదిని ఇప్పుడు గుంటూరు, ఆదిలాబాద్ మిల్లుల్లో ట్రాంపర్ అనే యంత్రమే కుక్కుతుంది. ఏ పంటను యంత్రం తన చేత్తో తినగలదు, దేన్ని మనిషే తినిపించాలి అన్నది నొక్కే బలాన్ని బట్టి తేలలేదు, పోగు స్వభావాన్ని బట్టి తేలింది.

యంత్రం నోటికి మేత అందించే చోట ఉండే ఈ ప్రమాదం మన దేశంలో నూర్పిడి యంత్రాల రూపంలో బయటపడింది. హరితవిప్లవం తర్వాత పంజాబ్, హర్యానా గోధుమ పొలాల్లో థ్రెషర్లకు పనలు అందిస్తూ వేలాదిమంది చేతులు పోగొట్టుకున్నారు. పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. పన అందించే దోనెకు భారత ప్రమాణం కొలతలు నిర్ణయించింది: పొడవు కనీసం 900 మిల్లీమీటర్లు, అందులో 450 మిల్లీమీటర్లు పైన కప్పు ఉండాలి. మనిషి చెయ్యి ఎంత చాచినా డ్రమ్ము పళ్లను తాకకూడదన్నదే ఆ లెక్క. ఇంత చిన్న రేకు ముక్క అన్ని చేతులను కాపాడగలదని తెలిసీ, లోకల్ వర్క్‌షాపుల్లో దాన్ని కురచ చేసి అమ్మడం క్షమించరానిది.

మన చిన్న కమతాల్లో ఎక్కువగా కనిపించేది గుండ్రటి బేలర్. దాని మూలం అమెరికాలోని నెబ్రాస్కాలో ఉంది. ఉమ్మో లూబెన్ 1910లో పేటెంటు పొందిన ఆ ఆలోచన 1947లో ఆలిస్-చామర్స్ కంపెనీ చేతిలో మార్కెట్‌కు వచ్చింది. ఇందులో దిమ్మ, ఫోర్కు లేవు. గుండ్రని గదిలో రోలర్లు తిరుగుతూ గడ్డిని చాపలా చుట్టేస్తాయి. మేత అందించే బాధ్యత మొత్తం ముందున్న పళ్ల డ్రమ్ముదే. గడ్డి సమంగా అందితే చుట్ట గట్టిగా వస్తుంది. ఒకవైపే పడితే చుట్ట ఒక పక్క లావుగా, మరో పక్క వదులుగా తయారై ఎత్తగానే విడిపోతుంది. అందుకే ముందుగా రేక్‌తో గడ్డిని వరసలు చేయించుకునే రైతుకు డ్రైవర్ కూడా సంతోషంగా పనిచేసి పెడతాడు. మంచు ఆరకముందే యంత్రాన్ని దింపితే తడి గడ్డి రోలర్లకు చుట్టుకుంటుంది, కట్టలో బూజు పడుతుంది.

గడ్డి ఇరుక్కున్నప్పుడు ట్రాక్టర్ పీటీవో ఆపకుండా డ్రమ్ములో చెయ్యి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఇంజన్ బలాన్ని బేలర్‌కు అందిస్తూ నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్ అది. బేలర్లకు రాయితీ ఇచ్చేటప్పుడు, అద్దెకు ఇచ్చే కేంద్రాలు పెట్టేటప్పుడు డ్రైవర్‌కు ఒక్కరోజు శిక్షణ కూడా తప్పనిసరి చేయాలి.

ఈ చుట్టలకు కట్టే దారం సంగతీ రైతు చూసుకోవాలి. చిన్న బేలర్లకు జనపనార దారం వాడతారు, కొందరు ప్లాస్టిక్ దారం వైపు మళ్లుతున్నారు. ప్లాస్టిక్ దారం పొలంలో కుళ్లదు, గడ్డితో పాటు ఆవు మింగితే కడుపులో ఉండలు కడుతుంది. జనపనార దారమైనా సరే, మేత వేసే ముందు కోసి తీసేయడం మంచిది.