ది లాస్ట్ వీకెండ్ (1945 సినిమా)

ది లాస్ట్ వీకెండ్ 1945లో అమెరికాలో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన చిత్రం. తాగుడుకు బానిసై కలం కదలని రచయిత డాన్ బర్నమ్ న్యూయార్క్‌లో కొద్ది రోజుల్లో ఎంత దిగజారిపోతాడో చూపే కథ ఇది. అతన్ని వదులుకోలేని హెలెన్ ప్రేమకథ కూడా. డాన్‌గా రే మిలాండ్, హెలెన్‌గా జేన్ వైమన్ నటించారు. దర్శకుడు బిల్లీ వైల్డర్, నిర్మాత చార్లెస్ బ్రాకెట్ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు.

మూలం చార్లెస్ జాక్సన్ 1944లో వెలువరించిన నవల. జాక్సన్ స్వయంగా ఆ వ్యసనంతో పోరాడినవాడు. వైల్డర్ ఆ నవలను రైలు ప్రయాణంలో చదివాడు. అంతకు ముందే ‘డబుల్ ఇండెమ్నిటీ’కి రేమండ్ చాండ్లర్‌తో కలిసి పనిచేసి, తాగుడుతో సతమతమయ్యే రచయిత ఎలా ఉంటాడో దగ్గరగా చూశాడు. అప్పటిదాకా హాలీవుడ్‌లో తాగుబోతు పాత్ర ఎక్కువగా నవ్వించడానికే పనికొచ్చేది. ఇక్కడ అతను రోగి. ఈ చిత్రం చేసిన అసలు మేలు అదే.

నవలలో డాన్ వేదన వెనుక స్వలింగ ఆకర్షణ ఛాయలున్నాయి. నాటి సెన్సారు నియమావళి కింద అది తెరకెక్కే వీలు లేదు. అందుకే సినిమాలో రాయలేకపోవడమే అతని దుఃఖానికి కారణమైంది, ప్రేమకథకు చోటు పెరిగింది. ఆ ప్రేమకు ఆనవాలు ఒక చిరుతపులి చర్మపు కోటు. లా ట్రావియాటా ఆపెరాలో మధుపానగీతం వినగానే డాన్‌కు తన రెయిన్‌కోటు జేబులోని సీసా గుర్తొస్తుంది. బయటికి పరుగెత్తితే, చీటీలు తారుమారై చేతికి హెలెన్ కోటు వస్తుంది. ఇద్దరికీ పరిచయం అలా మొదలైంది. చివరికి అదే కోటును తాకట్టు కొట్టులో ఇచ్చి, చావడానికి పిస్తోలు తెచ్చుకుంటాడు. ప్రేమ ఒక్కటే మనిషిని మాన్పించలేదన్న సంగతిని ఇంత సూటిగా చెప్పిన సన్నివేశం అరుదు.

కొన్ని భాగాలను న్యూయార్క్ వీధుల్లోనే, కెమెరా కనబడకుండా దాచి తీశారు. టైప్‌రైటర్ మోసుకుంటూ డాన్ థర్డ్ ఎవెన్యూ వెంట నడుస్తాడు. యూదుల పర్వదినం యోమ్ కిప్పూర్ కావడంతో తాకట్టు కొట్లన్నీ మూసి ఉంటాయి. బెల్‌వ్యూ ఆసుపత్రిలోనూ చిత్రీకరణ జరిగింది. తాత్కాలిక సంగీతంతో వేసిన తొలి ప్రదర్శనలో జనం నవ్వారు. తర్వాత మిక్లోష్ రోజా సమకూర్చిన సంగీతం చిత్రం తీరునే మార్చింది. తాకకుండానే, గాలిలో చేతుల కదలికతో పలికే థెరమిన్ నాదాన్ని డాన్ తపనకు స్వరంగా వాడాడాయన.

ఉత్తమ చిత్రం, దర్శకత్వం, నటుడు, స్క్రీన్‌ప్లే విభాగాల్లో 4 ఆస్కార్లు దక్కాయి. 1946 కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పొందిన 11 చిత్రాల్లో ఇదీ ఒకటి; మిలాండ్‌కు అక్కడా ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేరింది.

ముగింపుపై వాదం మాత్రం తెగలేదు. సినిమాలో డాన్ గ్లాసులో సిగరెట్ పడేసి నవల రాయడానికి పూనుకుంటాడు. జాక్సన్ నవలలో అలాంటి ఊరట లేదు. అక్కడ డాన్ మళ్లీ తాగుడు వైపే మొగ్గుతాడు. రోగాన్ని అంత నిజాయితీగా చూపిన చిత్రానికి ఆ తొందరపాటు మలుపు కంటే నవల ముగింపే తగినది.