పంటి వైద్యము – మన పల్లెలు
(చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతముల అనుభవము)

మన దేవాలయముల చరిత్రను, పాఠశాలల చరిత్రను ఈ సంచికలో పలువురు వ్రాయుచున్నారు. నేను పంటి వైద్యమును గూర్చి కొద్దిగా వ్రాయదలచితిని. ఇది చిన్న విషయమని సంఘస్థులు తలంచవద్దు. జొన్నరొట్టెను నమలలేక చారులో నానబెట్టుకొని తినే వృద్ధులు మన ఊళ్లలో గలరు. ఆ పండ్లన్నియు వయసు వలననే పోయినవి కావు. సమయానికి చూచే వైద్యుడు దగ్గర లేక పోయినవి కూడ వాటిలో ఉన్నవి.

మన పెద్దలకు పంటి శుభ్రత తెలియదనుట సరికాదు. వేపపుల్ల, కానుగపుల్ల, ఉప్పు, బొగ్గుపొడి వారి సాధనములు. నొప్పి పుట్టినప్పుడు లవంగము నొక్కిపెట్టుకొనేవారు. అయితే పిప్పిపన్నును ఇవేవియు బాగుచేయలేవు. దానికి వైద్యుడు, కుర్చీ, పనిముట్లు కావలెను.

మన దేశములో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్‌గారు కలకత్తాలో స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము, మరుసటి సంవత్సరము భారత దంతవైద్య మండలి వచ్చినవి. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఆరంభమైనది. అఫ్జల్‌గంజ్‌లోని ఆ ఆసుపత్రికి చేవెళ్ల నుండి సుమారు 40 కిలోమీటర్లు. వెళ్లి వచ్చుటకు ఒక దినపు కూలి పోవును, బస్సు ఖర్చు అదనము. పన్నును నిలుపుకొనే వైద్యమునకు పలుమార్లు తిరుగవలసి వచ్చును. పీకించుకొనుటకు ఒక్కసారి చాలును. బీదవాడు పీకించుకొనుటనే ఎందుకు కోరుకొనునో దీనివలన తెలియుచున్నది.

మరి ఊరి దగ్గరి ఆసుపత్రి సంగతి ఏమి? 1952 నుండి సమాజ వికాస పథకముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు దేశములో ఆరంభమైనవి. కాన్పులు, టీకాలు, మలేరియా వాటి ముఖ్య బాధ్యతలు. పంటికి అక్కడ చోటు దొరకలేదు. 1978లో మన రంగారెడ్డి జిల్లా ఏర్పడినది. ఆ సంవత్సరమే ఆల్మా అటా మహాసభ అందరికీ ఆరోగ్యము అని ప్రకటించినది. అయినను పంటి సంగతి వెనుకనే ఉండెను. జాతీయ నోటి ఆరోగ్య విధానమును 1995లో సూత్రప్రాయముగా అంగీకరించిరి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము 2014–15లో గాని ఆరంభము కాలేదు. 2012 నాటి ప్రభుత్వ ప్రమాణములను చూచినను, మైదాన ప్రాంతములలో 30,000 జనాభాకు ఒకటిగా నుండే ప్రాథమిక కేంద్రమునకు కాక, 1,20,000 జనాభాకు ఒకటిగా నుండే సామాజిక ఆరోగ్య కేంద్రమునకే దంతవైద్యుని నిర్ణయించిరి.

నేడు మొయినాబాద్ మండలములో వైద్య కళాశాల ఉన్నది, చేవెళ్లలోను ఉన్నది. మర్రిచెట్ల నీడలో సాగే ఆ రహదారిని పట్టుకొని మన్నెగూడ మీదుగా పోయినచో వికారాబాదులో దంతవైద్య కళాశాల కూడ కలదు. దేశములో దంతవైద్య కళాశాలలు 300కు పైబడినవి. అనగా చదివినవారికి కొరత లేదు, వారు పట్టణములలోనే కూడియున్నారు. ప్రపంచములో సుమారు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపినది. కావున ఇది మన ఒక్కరి బాధ కాదు.

2018లో ఆరంభమైన ఆరోగ్య కేంద్రముల పథకములో ప్రాథమిక నోటి సంరక్షణను కూడ చేర్చిరి. 30 ఏండ్లు దాటినవారికి నోటి క్యాన్సరు పరీక్ష కూడ అందులో గలదు. జర్దా, గుట్కా నమిలేవారికి ఇది ప్రాణముతో కూడిన విషయము. వ్రాతలో నున్నది ఊరికి రావలెనన్న, అడిగేవారు ఉండవలెను. నోటిలో మానని పుండు ఉన్నవారిని ఆశా కార్యకర్తకు చూపుదము. సండేస్కూలు పిల్లల పండ్లను సంవత్సరమునకు ఒకసారియైన పరీక్ష చేయించుదము. పీకివేయుట తప్ప వేరు వైద్యము లేదనే మాట రాబోవు తరము నోట వినబడకుండవలెను.